న్యూజెర్సీ నుంచి జార్జియా ఫోర్సైత్ కౌంటీకి మారాలా? మూడు వారాల్లో చెప్పాలి, సలహా ఇవ్వండి

కృష్ణాతీరం (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. మా కంపెనీ నన్ను అట్లాంటా మిడ్‌టౌన్ ఆఫీసుకి మారమంటోంది. వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్లాల్సిందే. మా ఆవిడ ఉద్యోగం పూర్తిగా ఇంటి నుంచే. బాబు ఆరో తరగతికి వస్తాడు. పాపకి సెప్టెంబర్ 12కి ఐదేళ్లు నిండుతాయి. మా అత్తగారు ఏటా ఒంగోలు నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉంటారు.

తొమ్మిదేళ్లుగా ఎడిసన్‌లో అద్దె ఇంట్లోనే ఉన్నాం. అట్లాంటాలో ఉన్న మా క్లాస్‌మేట్స్ నలుగురూ ఒకే మాట చెబుతున్నారు, "ఫోర్సైత్ కౌంటీలో ఇల్లు కొనెయ్, ఇంకేం ఆలోచించకు" అని. లెక్కలు చూస్తే 1990లో అక్కడ 44 వేల మంది ఉన్నారు, 2020 జనాభా లెక్కల్లో 2 లక్షల 51 వేలు. ఇంత వేగంగా పెరిగిన చోట స్కూళ్లు, రోడ్లు తట్టుకుంటున్నాయా? ఇద్దరం హెచ్1బీ మీదే ఉన్నాం, నాకు ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది. బాబు గుంటూరులో పుట్టాడు, పాప ఇక్కడే. ఈ పరిస్థితిలో కొనడం మంచిదా? అక్కడ ఉంటున్నవాళ్లు, ఉండి వచ్చేసినవాళ్లు ఇద్దరూ చెప్పండి.

ఓరుగల్లు (కమ్మింగ్, జార్జియా)

తమ్ముడూ, పదకొండేళ్లుగా ఇక్కడ ఉన్నాను. మేము సంతోషంగానే ఉన్నాం, ముందు ఆ మాట చెప్పేస్తా. కానీ "ఫోర్సైత్" అని ఒక్క ముక్కలో చెబితే నీకు ఏమీ తెలియదు. ఈ కౌంటీలో రెండు ఊళ్లున్నాయనుకో. జీఏ 400 హైవే మీద ఎగ్జిట్ 13 చుట్టుపక్కల ఉన్నది ఒకటి. మనవాళ్లు ఎక్కువగా ఉండేది అక్కడే. సౌత్ ఫోర్సైత్, ల్యాంబర్ట్, డెన్మార్క్ హైస్కూళ్లు ఆ వైపే. ఎగ్జిట్ 17, 18 దాటాక ఉన్నది ఇంకొకటి. అక్కడ స్థలం పెద్దది, చెట్లు, లేనియర్ సరస్సు దగ్గర, ధర తక్కువ. ఆఫీసుకి మాత్రం అటు నుంచి మరో పావుగంట, ఇరవై నిమిషాలు కలుపుకోవాలి.

అడ్రస్ చూసి మోసపోవద్దు. ఆల్ఫరెట్టా అని రాసి ఉన్న ఇల్లు ఫోర్సైత్ కౌంటీలో ఉండొచ్చు, స్వానీ అని రాసి ఉన్నది కూడా ఉండొచ్చు. అది పోస్టాఫీసు పేరు మాత్రమే. ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్ నగరాలు ఫుల్టన్ కౌంటీవి. కౌంటీ మారితే స్కూలు బోర్డు మారుతుంది, పన్నూ మారుతుంది. కౌంటీ మ్యాప్‌లో ఆ ఇంటి నంబరు కొట్టి చూడు. అమ్మకం ప్రకటనలో రాసిన స్కూలు పేరుని నమ్మకు.

స్కూళ్ల హద్దులు కూడా శాశ్వతం కాదు. 2018లో డెన్మార్క్ తెరిచారు, 2021లో ఈస్ట్ ఫోర్సైత్ తెరిచారు. కొత్త స్కూలు వచ్చిందంటే చుట్టుపక్కల హద్దులు మళ్లీ గీస్తారు. మా వీధిలో ఒకాయన ఒక స్కూలు కోసమే ఎక్కువ పెట్టి కొన్నాడు. రెండేళ్లకి పిల్లాడి బస్సు ఇంకో స్కూలుకి వెళ్లింది. ఆ స్కూలూ మంచిదే. కానీ ఆయన ఎంత బాధపడ్డాడో నాకు తెలుసు.

నా మాటైతే కొనుక్కోమనే. అద్దె కట్టిన డబ్బు తిరిగి రాదు.

మంజీర (కమ్మింగ్)

మిడ్‌టౌన్ అన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను ఎగ్జిట్ 13 నుంచి మిడ్‌టౌన్‌కి నాలుగేళ్లు తిరిగాను. ఉదయం ఆరులోపు బయల్దేరితే 40 నిమిషాలు. ఏడుంపావుకి బయల్దేరితే గంటా పదిహేను. సాయంత్రం ఐదుకి ఎంతని చెప్పలేను, చినుకు పడితే ఇంకా చెప్పలేను. మీకు న్యూజెర్సీలో మెట్రోపార్క్‌లో రైలెక్కి కూర్చునే అలవాటు ఉండి ఉంటుంది. ఇక్కడ ఫోర్సైత్‌కి మార్టా (అట్లాంటా మెట్రో) రైలు లేదు. నార్త్ స్ప్రింగ్స్ దాకా కారులో వెళ్లి, అక్కడ పెట్టి రెడ్ లైన్ ఎక్కాలి. నేను చివరి రెండేళ్లు అలాగే చేశాను. టైమ్ పెద్దగా కలిసిరాలేదు, కానీ మెడనొప్పి తగ్గింది, రైల్లో పుస్తకం చదువుకునేదాన్ని.

400 మీద నార్త్ స్ప్రింగ్స్ నుంచి మెక్‌ఫార్లాండ్ దాకా 16 మైళ్లు టోల్ ఎక్స్‌ప్రెస్ లేన్లు వేస్తున్నారు. అవి పూర్తయ్యేదాకా ఏళ్ల తరబడి పని జరిగే రోడ్డు మీదే మీరు తిరగాలి. "లేన్లు వస్తున్నాయి, ఇక బెంగ లేదు" అని ఏజెంట్ చెబితే ఆ మాట పట్టుకుని ఇల్లు కొనకండి.

కృష్ణాతీరం

ఓరుగల్లు అన్నా, మంజీర గారూ, చాలా థ్యాంక్స్. అడ్రస్ సంగతి నాకు అసలు తెలియదు. మేము దాచిపెట్టుకున్న జాబితాలో ఆరు ఇళ్లుంటే వాటిలో రెండు ఫుల్టన్‌వి అని ఇప్పుడే చూశాం! పిల్లల చదువు గురించి ఎవరైనా చెప్పండి. మా ఆవిడకి అదే పెద్ద టెన్షన్.

పాలమూరు పిల్ల (సౌత్ ఫోర్సైత్)

ముందు మీ పాప సంగతి. జార్జియాలో కిండర్‌గార్టెన్‌కి సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్లు నిండాలి. మీ పాపకి పదకొండు రోజులు తక్కువ. న్యూజెర్సీలో చాలా చోట్ల అక్టోబర్ 1 దాకా ఒప్పుకుంటారు కాబట్టి ఈ ఏడే వెళ్తుందని అనుకుంటూ ఉంటారు. ఇక్కడైతే ఇంకో ఏడాది ఆగాలి. దిగులు పడకండి, నాలుగేళ్ల పిల్లలకి జార్జియా ప్రీ-కె ఉంది. లాటరీ డబ్బుతో నడుస్తుంది, ఫీజు లేదు. సీట్లు తక్కువ, వెయిటింగ్ లిస్టు ఉంటుంది. వస్తున్నామని ఖాయం కాగానే చుట్టుపక్కల నాలుగైదు సెంటర్లకి ఫోన్ చేయండి.

ఇంకోటి, ఇక్కడ స్కూళ్లు ఆగస్టు మొదట్లోనే తెరుస్తారు. మీకు జూన్ చివరిదాకా బడి ఉంటుంది కదా, సెలవులు సగానికి సగం పోతాయి. బాబుకి ముందే చెప్పండి. మా వాడికి చెప్పకుండా తెచ్చి, ఆ ఏడంతా వాడి అలక భరించాం.

ఇప్పుడు అసలు విషయం. స్కూళ్లు బాగుంటాయి. టీచర్లు శ్రద్ధగా చెబుతారు. నాకు అందులో ఫిర్యాదు లేదు. కానీ మా పెద్దవాడు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు రాత్రి పన్నెండున్నరకి గదిలో లైటు చూసి వెళ్లాను. టేబుల్ మీద తల పెట్టి ఏడుస్తున్నాడు. టెస్టులో 91 వచ్చిందట. వాడి గ్రూపులో అదే తక్కువట. అమ్మా, నేను మిగతావాళ్లలా కాదేమో అన్నాడు. ఆ మాట నా చెవుల్లో ఇంకా ఉంది.

స్కూలు వాడికి ఏ అన్యాయమూ చెయ్యలేదు. మనమందరం ఒకే రకం ఉద్యోగాలతో, ఒకే ఆశలతో, ఒకే నాలుగు మైళ్లలో వచ్చి కూర్చున్నాం. బస్‌స్టాప్ దగ్గర తల్లులం మాట్లాడుకునేది ఎవరు ఎన్ని ఏపీలు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) తీసుకున్నారు, ఎవరికి ఏ కోచింగ్ అని. నేనూ మాట్లాడేదాన్ని. పిల్లలకి అవన్నీ వినిపిస్తాయి. తర్వాత ఏడాది రెండు ఏపీలు తగ్గించాం, శనివారం క్లాసు మాన్పించాం. సానీ మౌంటెన్ ఎక్కడం మొదలుపెట్టాం, ఆదివారం పొద్దున్నే నలుగురం. వాడిప్పుడు బాగున్నాడు. మీరు వస్తే తప్పకుండా రండి. వచ్చేముందు మీ ఇద్దరూ కూర్చుని, మన వాడికి ఎంత చాలు అన్నది ఒకసారి మాట్లాడుకోండి.

సబర్మతి దాటి (ప్రాస్పర్, టెక్సాస్)

మా కాలిన్ కౌంటీ కూడా ఇంతే. పాలమూరు గారు రాసిన బస్‌స్టాప్ మా వీధి చివర ఉన్నట్టే అనిపించింది. రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని టెక్సాస్ వచ్చాం, ఇంటి పన్ను బిల్లు చూశాక మళ్లీ లెక్క వేసుకున్నాం.

తుంగభద్ర (ఎగ్జిట్ 17 దగ్గర)

పన్ను మాట వచ్చింది కాబట్టి. జార్జియాలో ఇంటి మార్కెట్ విలువలో 40 శాతం మీద పన్ను వేస్తారు. 6 లక్షల ఇల్లయితే 2 లక్షల 40 వేల మీద. ప్రతి వెయ్యికి ఎన్ని డాలర్లో అదే మిల్లేజ్. ఉదాహరణకి 25 అనుకుంటే 6,000 డాలర్లు. న్యూజెర్సీ నుంచి వచ్చేవాళ్లకి ఇది చూడగానే ప్రాణం లేచొస్తుంది.

అయితే ఆన్‌లైన్‌లో ఇల్లు చూసినప్పుడు "గత ఏడాది పన్ను" అని ఒక అంకె ఉంటుంది. దాన్ని నమ్మకండి. ఈ కౌంటీలో 65 దాటినవాళ్లకి స్కూలు పన్ను మినహాయింపు ఉంది, బిల్లులో పెద్ద భాగం అదే. అమ్మేవాళ్లు పెద్దవాళ్లయితే వాళ్ల బిల్లు చాలా తక్కువ కనిపిస్తుంది, మీకు అంత తక్కువ రాదు. కొత్త ఇల్లయితే మొదటి ఏడాది ఖాళీ స్థలం మీదే పన్ను పడి ఉండొచ్చు, రెండో ఏడాది ఎస్క్రో (పన్ను కోసం లోన్ వాయిదాతో పాటు నెలనెలా కట్టే డబ్బు) ఒక్కసారిగా పెరుగుతుంది. మాకు అలాగే జరిగింది. నెలకి ఎంత పెరిగిందో చూసి మా ఆయన, నేను ఆ రాత్రి నిద్రపోలేదు. కొన్నాక ఏప్రిల్ 1లోపు హోమ్‌స్టెడ్ ఎగ్జంప్షన్‌కి (సొంత ఇంట్లో ఉండేవాళ్లకి ఇచ్చే పన్ను తగ్గింపు) అప్లై చేయడం మర్చిపోవద్దు. విలువ ఎక్కువ వేశారనిపిస్తే నోటీసు తేదీ నుంచి 45 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

ఉత్తరం వైపు కొంటే ఇంకో సంగతి. ఇక్కడ చాలా ఇళ్లకి డ్రైనేజీ లైను ఉండదు, సెప్టిక్ ట్యాంకే. ఎన్ని బెడ్‌రూములో దాన్ని బట్టి ట్యాంకు సైజు. మా అమ్మానాన్నల కోసం బేస్‌మెంట్‌లో ఒక గది, బాత్రూమ్ వేయిద్దామని కొన్నాం. సెప్టిక్ నాలుగు గదులకే లెక్క అని పర్మిట్ దగ్గర తెలిసింది. అమ్మిన ఏజెంట్‌కి ఆ విషయం ముందే తెలుసు, మాకు చెప్పలేదు. మీ అత్తగారి కోసం కింద గది చూస్తుంటే ఆ ప్రశ్న మొదటిరోజే అడగండి.

కోనసీమ కొబ్బరి (నాష్‌విల్)

మేమూ ఫోర్సైత్ చూస్తున్నాం. ఒక సందేహం అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఆ కౌంటీ పేరు కొడితే పాత రోజుల్లో నల్లవాళ్లని తరిమేశారని వస్తోంది. నిజమేనా? ఇప్పుడు మనలాంటివాళ్లకి ఎలా ఉంటుంది?

గౌతమి (డెకేటర్, జార్జియా)

నిజమే. నేను 1985లో అట్లాంటా వచ్చాను, అందుకని నాకు తెలిసింది రాస్తాను.

1912లో ఒక తెల్ల యువతి మీద జరిగిన దాడి తర్వాత (ఆమె కొద్ది రోజులకి చనిపోయింది) ఒక నల్లజాతి వ్యక్తిని కమ్మింగ్ నడివీధిలో గుంపు చంపింది. ఇద్దరు కుర్రాళ్లని విచారణ పేరుతో ఉరితీశారు. ఆ కొన్ని వారాల్లోనే దాదాపు 1,100 మందిని, అంటే కౌంటీలోని నల్లజాతి వాళ్లని దాదాపు అందరినీ, రాత్రిపూట ఇళ్లు తగలబెట్టి, కాల్పులు జరిపి తరిమేశారు. వాళ్ల పొలాలు, చర్చిలు అక్కడే మిగిలిపోయాయి. ఆ తర్వాత డెబ్బై అయిదేళ్లపాటు వాళ్లలో దాదాపు ఎవరూ అక్కడ స్థిరపడలేకపోయారు.

1987 జనవరి 17న పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ ముందుండి అక్కడ ఒక చిన్న ఊరేగింపు తీశారు. దాని మీద రాళ్లు, సీసాలు విసిరారు. వారం తర్వాత 24న దాదాపు 20 వేల మంది అట్లాంటా నుంచి బస్సుల్లో మళ్లీ ఊరేగింపుకి వెళ్లారు. మా ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే ఆయన వెళ్లాడు. సోమవారం వచ్చి నాతో, నువ్వు ఆ కౌంటీ వైపు ఒంటరిగా కారు నడపకు అన్నాడు. నేను చాలా ఏళ్లు నడపలేదు. లేనియర్ సరస్సుకి కూడా వేరే దారిన వెళ్లేవాళ్లం.

ఇప్పుడు మా మనవరాలు అదే కౌంటీలో బడికి వెళ్తోంది, దీపావళికి వాళ్ల వీధంతా దీపాలే. ఊళ్లో 1912 గురించి ఫలకం కూడా పెట్టారు. మనవాళ్లకి అక్కడ భయపడాల్సిన రోజులు కావివి, అది నేను ధైర్యంగా చెప్పగలను. కానీ మనం కొనే ఆ నేల ఎవరి చేతుల్లోంచి ఎలా పోయిందో తెలుసుకుని వెళ్లండి, పిల్లలకి చెప్పండి. కొత్త కాలనీలో ఎవరో ఒకరు "ఇది మంచి ఏరియా, ఫలానా వాళ్లు లేరు" అంటారు. ఆ మాటకి తలూపవద్దని నా విన్నపం.

పాలమూరు పిల్ల

గౌతమి గారూ, ఇన్నేళ్లు ఇక్కడ ఉండి నాకు ఇంత తెలియదు. ఈ వారాంతం పిల్లల్ని ఆ ఫలకం దగ్గరికి తీసుకెళ్తాను.

పెన్నా తీరం (షార్లెట్, ఒకప్పుడు కమ్మింగ్)

కొనమని ఓరుగల్లు గారు చెప్పారు. నేను వద్దంటాను, కనీసం మొదటి ఏడాది. మేము ఎగ్జిట్ 13 దగ్గర ఎంతో ముచ్చటపడి కొన్నాం, గృహప్రవేశానికి నూట యాభై మంది వచ్చారు. పద్నాలుగు నెలలకి నా ఉద్యోగం పోయింది. హెచ్1బీ మీద 60 రోజులు. రోజూ పొద్దున ఉద్యోగాల వెతుకులాట, సాయంత్రం ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లకి తలుపు తీయడం. మా అమ్మాయి తన గది గోడకి గీసుకున్న బొమ్మ మీద మేమే రంగు వేశాం. 54వ రోజు షార్లెట్‌లో ఉద్యోగం దొరికింది. కమీషన్లు, ఖర్చులు పోగా చేతికి వచ్చింది డౌన్ పేమెంట్ కంటే తక్కువ.

ఇంకొక విషయం. జార్జియాలో కాలేజీ ఫీజుకి హోప్ స్కాలర్‌షిప్ ఉందని అందరూ చెబుతారు. 3.0 జీపీఏకి హోప్, 3.7తో పాటు టెస్ట్ స్కోరు కూడా ఉంటే జెల్ మిల్లర్ అనే ఇంకో స్కాలర్‌షిప్. కానీ అది అమెరికా పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లలాంటి అర్హులకే. హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకి రాదు. అంటే ఈ రోజు ఉన్న పరిస్థితిలో మీ పాపకి వస్తుంది, బాబుకి రాదు. ఆ లెక్క వేసుకునే రండి.

ఓరుగల్లు

పెన్నా గారూ, మీకు జరిగింది చదివి మనసు పాడైంది. అయినా నేను చూసిన పది కుటుంబాల్లో తొమ్మిది కొని నిలబడ్డాయి. భయంతో ఆగినవాళ్లు కొందరికి తర్వాత ధర అందలేదు. హోప్ విషయం మాత్రం నాకు తెలియదు, చెప్పినందుకు థ్యాంక్స్.

పెన్నా తీరం

ఆ పదో కుటుంబం మాదే అన్నా.

అమ్మమ్మ మాట (అమ్మాయి ఫోన్ నుంచి, కమ్మింగ్)

ఈ చర్చ మా అమ్మాయి చదివి వినిపించింది. ఒంగోలు అత్తగారి గురించి ఎవరూ రాయలేదు, అందుకని నేను చెబుతుంటే తను టైపు చేస్తోంది. మాది తెనాలి.

నాయనా, నేను ముందు ఎడిసన్‌లో మా పెద్దవాడి దగ్గర ఉన్నాను. ఓక్ ట్రీ రోడ్డుకి నడిచి వెళ్లేదాన్ని. కూరగాయలు తెచ్చుకునేదాన్ని, దారిలో నలుగురు పలకరించేవారు. ఇక్కడ ఇల్లు దేవుడి దయ వల్ల చాలా పెద్దది. పొద్దున ఎనిమిదికి అందరూ వెళ్లిపోతే మూడున్నరకి పిల్లల బస్సు వచ్చేదాకా గడియారం శబ్దం వినిపిస్తుంది. కొత్తిమీర కావాలన్నా కారు కావాలి. మొదటి నెల నేను పైకి చెప్పలేదు గానీ రోజూ టికెట్టు తేదీ చూసుకునేదాన్ని.

తర్వాత బిగ్ క్రీక్ గ్రీన్‌వే దగ్గర మాలాంటి వాళ్లు పొద్దున నడుస్తారని తెలిసింది. మా అల్లుడు ఆఫీసు ఫోన్లు మొదలయ్యేలోపు నన్ను దింపి, గంటకి మళ్లీ తీసుకొస్తాడు. అక్కడ విజయవాడ ఆవిడ, సిద్దిపేట ఆవిడ, ఒక తమిళావిడ కలిశారు. గురువారం సాయిబాబా గుడికి వాళ్ల కారులోనే వెళ్తాను. ఇప్పుడు బాగుంది. మీ అత్తగారికి ఇల్లు చూసేటప్పుడు గది ఎంత పెద్దదో చూడొద్దు. ఆ వీధిలో పగలు మనిషి కనిపిస్తాడా అని చూడండి. కాలిబాట ఉందా అని చూడండి. మెట్లు లేకుండా కింద పడకగది ఉందా అని చూడండి.

కృష్ణాతీరం

అమ్మమ్మ గారూ, మీరు చెప్పింది స్పీకర్‌లో పెట్టి మా అత్తగారికి ఒంగోలు ఫోన్ చేసి వినిపించాం. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆవిడ నంబరు తీసుకోండి" అన్నారు.

కృష్ణాతీరం (పన్నెండు రోజుల తర్వాత)

వెళ్లి చూసొచ్చాం. ఐదు రోజులు ఉన్నాం. మంగళవారం ఉదయం ఏడుంపావుకి ఎగ్జిట్ 13 నుంచి మిడ్‌టౌన్‌కి కావాలనే నడిపాను. గంటా ఇరవై రెండు నిమిషాలు. బుధవారం నార్త్ స్ప్రింగ్స్‌లో కారు పెట్టి రైల్లో వెళ్లాను, గంటా పది. రైలే నాకు నయమనిపించింది. మా ఆవిడ మధ్యాహ్నం రెండింటికి మూడు కాలనీల్లో నడిచింది, రెండింటిలో ఒక్క మనిషీ కనిపించలేదట. మూడో దాంట్లో ఇద్దరు పెద్దవాళ్లు నడుస్తూ కనిపించి, ఏ ఊరమ్మా అని అడిగారట.

జాన్స్ క్రీక్ కూడా చూశాం, అక్కడి నుంచి ఆఫీసుకి పది నిమిషాలు తక్కువ. కానీ మా బడ్జెట్‌లో కింద పడకగది ఉన్న అద్దె ఇల్లు ఫోర్సైత్ వైపే దొరికింది, ఆ మూడో కాలనీకి రెండు వీధుల అవతల. ఒక ఏడాది లీజు తీసుకుంటున్నాం. ఓరుగల్లు అన్నా, కొనడం మానలేదు, వచ్చే వేసవికి వాయిదా వేశాం. పాపకి ఒక ప్రీ-కె సెంటర్‌లో వెయిటింగ్ లిస్టులో ఏడో నంబరు. బాబు ఇంకా మాతో సరిగ్గా మాట్లాడటం లేదు. జూలైలో ఒక నెల వాడి స్నేహితుడిని అక్కడికి పిలవమన్నాడు, సరే అన్నాం.

స్కూల్లో చేర్చడానికి ఏమేం కావాలో ఎవరైనా చెప్పగలరా?

పాలమూరు పిల్ల

లీజు కాపీ, మీ ఐడీ, బాబు పుట్టిన తేదీ కాగితం. టీకాలకి జార్జియా వాళ్ల 3231 ఫారమే కావాలి, న్యూజెర్సీ రికార్డు అలాగే ఇస్తే తీసుకోరు. ఇక్కడి డాక్టరు గానీ కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ గానీ దాన్ని చూసి రాసిస్తారు. కన్ను, చెవి, పళ్ల పరీక్షకి 3300. జూలై చివరి వారంలో అపాయింట్‌మెంట్లు దొరకవు, వచ్చిన వారంలోనే తీసుకోండి. కార్ల రిజిస్ట్రేషన్, లైసెన్స్ 30 రోజుల్లో మార్చుకోవాలి. కారు విలువలో 3 శాతం ఒకేసారి పన్ను కట్టాలి, రెండు కార్లుంటే ఆ డబ్బు పక్కన పెట్టుకోండి.

మా చిన్నవాడు కూడా ఈసారి ఆరో తరగతే. మీ అబ్బాయికి క్రికెట్టా, చదరంగమా, ఏది ఇష్టమో రాయండి.

కృష్ణాతీరం

బేస్‌బాల్ అండి. బౌలింగ్ కూడా వేస్తాడు.

పాలమూరు పిల్ల

అయితే మా వాడికి బౌలర్ దొరికాడు. జూలైలో రాగానే మెసేజ్ పెట్టండి, ఆ స్నేహితుడిని కూడా తీసుకురండి.